ఇంటి కప్పు చల్లబడితే.. కరెంటు బిల్లు తగ్గుతుంది
200 యూనిట్ల గీత దాటకుండా ఉండాలంటే గృహ యజమానులు పాటించాల్సిన జాగ్రత్తలు

జహీరాబాద్: వేసవి ముదిరేకొద్దీ ప్రతి ఇంట్లోనూ విద్యుత్తు మీటరు వేగం పెరుగుతుంది. పగలంతా ఎండను పీల్చుకున్న సిమెంటు స్లాబు అర్ధరాత్రి దాటినా ఆ వేడిని గదిలోకి వదులుతూనే ఉంటుంది. ఫ్యాను తిరిగినా వేడిగాలే తగులుతుంది. దాంతో కూలరు, ఆ తర్వాత ఏసీ ఇంట్లోకి వస్తాయి. నెలాఖరున బిల్లు చేతికందాక గానీ యజమానికి ఖర్చు సంగతి తెలియదు. అయితే ఇంటిని చల్లబరిచే యంత్రాలు కొనేముందు ఇల్లు ఎందుకు వేడెక్కుతోందో తెలుసుకుంటే తక్కువ ఖర్చుతోనే బిల్లును అదుపులో పెట్టుకోవచ్చు. జహీరాబాద్ పట్టణంతో పాటు కోహీర్, న్యాల్‌కల్, ఝరాసంగం, మొగుడంపల్లి మండలాల్లోని ఇళ్లకు ఈ జాగ్రత్తలు ఉపకరిస్తాయి.

ఒక్క గీత.. రెండు బిల్లులు

రాష్ట్రంలో గృహజ్యోతి పథకం 2024లో ప్రారంభమైంది. తెల్లరేషన్ కార్డు ఉన్న అర్హులైన కుటుంబాలకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు అందించడం దీని ఉద్దేశం. వినియోగం 200 యూనిట్లు దాటిన నెలలో సున్నా బిల్లు రాదు. అదనపు యూనిట్లకే కాదు, మొత్తం వినియోగానికీ డబ్బు చెల్లించాల్సి వస్తుంది.

పథకం వర్తించని ఇళ్లకూ ఈ గీత ముఖ్యమైనదే. 2022 ఏప్రిల్‌లో అమల్లోకి వచ్చిన గృహ విద్యుత్తు ధరల ప్రకారం 100 యూనిట్లు దాటి 200 యూనిట్ల వరకు వాడే కుటుంబాలకు మొదటి 100 యూనిట్లకు యూనిట్‌కు రూ.3.40, తర్వాతి 100 యూనిట్లకు రూ.4.80 చొప్పున లెక్కిస్తారు. 200 దాటితే శ్రేణి మారిపోతుంది. మొదటి 200 యూనిట్లకూ రూ.5.10 చొప్పున, 201 నుంచి 300 వరకు రూ.7.70 చొప్పున, 301 నుంచి 400 వరకు రూ.9 చొప్పున చెల్లించాలి. 200 యూనిట్లు వాడిన ఇంటికి విద్యుత్తు ఛార్జీ రూ.820 అయితే, 210 యూనిట్లు వాడిన ఇంటికి రూ.1,097 అవుతుంది. స్థిర ఛార్జీలు, సుంకం వీటికి అదనం. అంటే చివరి పది యూనిట్ల వల్ల పడే భారం రూ.277. ఒక్కో యూనిట్‌కు దాదాపు రూ.28 పడుతున్నట్టు లెక్క.

గృహజ్యోతి లబ్ధిదారు విషయంలో ఈ తేడా మరింత ఎక్కువ. 200 యూనిట్ల వద్ద సున్నా బిల్లు వస్తే, 210 యూనిట్ల వద్ద వెయ్యి రూపాయలకు పైగా కట్టాలి. ‘కరెంటు ఉచితమే కదా, పొదుపు ఎందుకు’ అనుకునే ఇల్లే వేసవిలో ముందుగా ఈ గీత దాటుతుంది. ఏటా ఒక కొత్త పరికరం ఇంట్లో చేరుతూ ఉంటే గతేడాది 170 యూనిట్లు వాడిన కుటుంబం ఈ ఏడాది 210కి చేరడానికి ఎంతోకాలం పట్టదు.

మే నెలలో సూర్యుడు నడినెత్తిన

ఇంట్లోకి వేడి అన్ని వైపుల నుంచీ సమానంగా రాదు. జహీరాబాద్ భూమధ్యరేఖకు ఉత్తరాన దాదాపు 17.7 డిగ్రీల అక్షాంశంపై ఉంది. ఈ కారణంగా మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదట్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన నిలుస్తాడు. ఆ రోజుల్లో నిలువుగా నాటిన కర్రకు మిట్టమధ్యాహ్నం నీడే కనిపించదు. ఎండలు మండే నెలల్లో కిరణాలు నిట్టనిలువుగా పడేది గోడలపై కాదు, కప్పుపై. ఉదయం తూర్పు గోడ, సాయంత్రం పడమటి గోడ ఎండను భరిస్తాయి. దక్షిణపు గోడకు వేసవిలో తగిలే ఎండ స్వల్పం. ఒకే అంతస్తు ఉన్న ఇంట్లో, అంతస్తులు ఎక్కువగా ఉంటే పైఅంతస్తులో వేడిమి ఎక్కువగా ఉండటానికి ఇదే కారణం.

పూర్వం ఈ ప్రాంతంలో ఇళ్లు కట్టినవారు ఈ విషయాన్ని అనుభవంతో గ్రహించారు. మట్టి మిద్దెలకు దూలాలు, వాసాలపై మందంగా మట్టి పరిచేవారు. ఆ మట్టి పొర ఎండ వేడిని త్వరగా కిందికి దిగనిచ్చేది కాదు. గోడలు అడుగున్నర నుంచి రెండడుగుల మందంతో లేచేవి. ఈ పీఠభూమిపై దొరికే ఎర్రరాయి, అంటే లాటరైట్, తవ్వినప్పుడు మెత్తగా ఉండి గాలి తగిలేకొద్దీ గట్టిపడుతుంది. పొరుగున ఉన్న బీదర్ కోట నిర్మాణంలోనూ ఈ రాయినే విస్తారంగా వాడారు. మందమైన రాతిగోడ పగలు వేడిని నెమ్మదిగా తీసుకుంటుంది. లోపలికి ఆ వేడి చేరేసరికి సాయంత్రమవుతుంది.

ఆ తర్వాత నాలుగైదు అంగుళాల స్లాబులు, తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు వచ్చాయి. ఇల్లు దృఢమైంది, వానకు కారడం తగ్గింది. కానీ ఎండను ఆపే మందం మాత్రం కప్పు నుంచి మాయమైంది. సిమెంటు రేకుల ఇళ్లలో ఆ కాస్త మందం కూడా లేదు. మిద్దెకు ఉన్న మట్టి పొర చేసిన పనిని ఇప్పుడు మరో విధంగా చేయించుకోవాలి.

గోడకు సున్నం.. కప్పుకు ఎందుకు వేయరు?

పండగ వస్తే గోడలకు సున్నమో రంగో వేయించని ఇల్లు ఉండదు. ఎండను నేరుగా భరించే కప్పును మాత్రం పట్టించుకోరు. బూడిద రంగు సిమెంటు స్లాబు తనపై పడే ఎండలో ఎక్కువ భాగాన్ని పీల్చుకుంటుంది. కాలక్రమంలో దుమ్ము, నాచుతో నల్లబడిన స్లాబు మరింత పీల్చుకుంటుంది. తెల్లని ఉపరితలం అందులో అధిక భాగాన్ని తిప్పి పంపేస్తుంది.

కప్పును తెల్లబరచడానికి ప్రధానంగా మూడు మార్గాలున్నాయి. మొదటిది సున్నం. జల్లెడ పట్టిన సున్నాన్ని నానబెట్టి, పట్టుకోసం కాస్త జిగురు కలిపి రెండు మూడు పూతలు వేయాలి. ఖర్చు అన్నింటికంటే తక్కువ. వానలకు కొట్టుకుపోతుంది కాబట్టి ఏటా వేయాల్సిందే. రెండోది ఎండను ప్రతిఫలించేలా తయారుచేసిన తెల్లని కూల్‌రూఫ్ రంగు. ధర ఎక్కువైనా కొన్నేళ్లు నిలుస్తుంది. మూడోది తెల్లని పింగాణీ పెంకులు పరచడం. ఇది శాశ్వతమైన ఏర్పాటు. స్లాబుపై వాలు సరిచేసి, నీరు ఇంకకుండా పూత వేయించే సమయంలోనే దీన్నీ చేయిస్తే కూలి కలిసివస్తుంది.

పని ప్రారంభించేముందు స్లాబును గట్టి చీపురుతో రుద్ది కడగాలి. పగుళ్లుంటే పూడ్చాలి. ఉగాదికి ముందే, ఫిబ్రవరి, మార్చి నెలల్లో పూర్తిచేస్తే వేసవి మొత్తం ప్రయోజనం పొందవచ్చు. 65వ నంబరు జాతీయ రహదారికి దగ్గరగా ఉన్న ఇళ్ల కప్పులపై దుమ్ము త్వరగా పేరుకుంటుంది. నెలకోసారి ఊడ్చి, వీలైతే కడిగితేనే తెల్లదనం నిలుస్తుంది.

సిమెంటు రేకుల ఇళ్లవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. పాత రేకుల్లో ఆస్బెస్టాస్ పీచు ఉంటుంది. వాటిని గీకినా, రంధ్రాలు చేసినా లేచే ధూళి ఊపిరితిత్తులకు ప్రమాదకరం. నీటితో తడిపి మెల్లగా శుభ్రం చేసి పైన పూత వేయాలి. రేకు కింద వెదురు తడకతోనో ఇతర పలకతోనో లోకప్పు ఏర్పాటుచేస్తే మధ్యనున్న గాలి పొర వేడిని కొంత అడ్డుకుంటుంది.

దేశంలోనే తొలి విధానం

చల్లని కప్పుల విషయంలో తెలంగాణకు ప్రత్యేక స్థానం ఉంది. 2017లో హైదరాబాద్‌లోని ఒక పేదల బస్తీలో 25 ఇళ్ల కప్పులపై ఎండను ప్రతిఫలించే పొర పరిచి పరిశీలించారు. ఆ ఇళ్ల లోపలి ఉష్ణోగ్రత సగటున దాదాపు 2 డిగ్రీలు తగ్గింది. ఆ అనుభవంతో పాటు ట్రిపుల్ ఐటీ హైదరాబాద్, అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ తదితర సంస్థల సహకారంతో రాష్ట్ర ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో 2023-2028 కాలానికి కూల్‌రూఫ్ విధానాన్ని ప్రకటించింది. దేశంలో ఒక రాష్ట్రం ఇలాంటి విధానాన్ని తీసుకురావడం అదే ప్రథమం. 2028 నాటికి రాష్ట్రంలో 300 చదరపు కిలోమీటర్ల మేర చల్లని కప్పులు ఏర్పాటు చేయాలన్నది లక్ష్యం.

విధానం ప్రకారం ప్రభుత్వ, వాణిజ్య భవనాలకు, 600 చదరపు గజాలు, అంతకు మించిన స్థలంలో కట్టే నివాస భవనాలకు చల్లని కప్పు తప్పనిసరి. అంతకంటే చిన్న స్థలాల్లోని ఇళ్లకు ఇది ఐచ్ఛికం. జహీరాబాద్ వంటి పట్టణాల్లో అధిక శాతం ఇళ్లు ఈ రెండో కోవకే చెందుతాయి. వీటికి నిర్బంధం లేదు కాబట్టి యజమాని తనంతట తాను ముందుకొస్తేనే కప్పు తెల్లబడుతుంది.

రెండు డిగ్రీల తేడా వినడానికి చిన్నదే. అయితే నిద్రపట్టే గదికి, పట్టని గదికి మధ్య ఉన్న తేడా చాలాసార్లు అంతే. చలి దేశాల్లో ఇంటిలోని వేడి బయటికి పోకుండా గోడలకు దట్టమైన పొరలు అమరుస్తారు. ఇక్కడి అవసరం అందుకు భిన్నం. బయటి వేడి లోపలికి రాకుండా చూసుకోవడమే ఇక్కడ ఇంధన పొదుపునకు తొలిమెట్టు.

పగలు మూసి.. రాత్రి తెరిచి

జహీరాబాద్ సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న పీఠభూమిపై ఉంది. చలికాలంలో రాష్ట్రంలో అత్యల్ప ఉష్ణోగ్రతలు నమోదయ్యే ప్రాంతాల జాబితాలో పొరుగున ఉన్న కోహీర్ పేరు తరచూ కనిపిస్తుంది. వేసవిలోనూ పగటితో పోలిస్తే తెల్లవారుజామున గాలి బాగా చల్లబడుతుంది. డబ్బు ఖర్చు లేకుండా అందే ఈ చల్లదనాన్ని చాలా ఇళ్లు వాడుకోవడం లేదు.

ఉదయం 9 గంటలకల్లా ఎండ వచ్చే వైపు కిటికీలు మూసి పరదాలు దించాలి. సూర్యాస్తమయం తర్వాత బయటి గాలి చల్లబడగానే ఎదురెదురుగా ఉన్న కిటికీలన్నీ తెరవాలి. దోమతెర బిగించిన కిటికీ అయితే రాత్రంతా తెరిచి ఉంచవచ్చు. గోడ పైభాగంలోని వెంటిలేటర్లను అట్టముక్కలతో మూసేయడం చాలా ఇళ్లలో కనిపిస్తుంది. పైకి చేరిన వేడిగాలి బయటికి పోయే మార్గం అదే కనుక వాటిని తెరిచి ఉంచాలి.

కిటికీ నుంచి వచ్చే ఎండను లోపలి పరదా కంటే బయటి నీడే సమర్థంగా ఆపుతుంది. దక్షిణపు కిటికీకి సజ్జ సరిపోతుంది. సాయంత్రపు ఎండ పక్కవాటుగా వస్తుంది కాబట్టి పడమటి కిటికీకి సజ్జ చాలదు. అక్కడ వెదురు చాప, తీగ పందిరి, లేదా వసారా ఉపయోగపడతాయి. స్థలమున్నవారు పడమర వైపు వేప, కానుగ వంటి చెట్లు నాటితే కొన్నేళ్లలో గోడకు నీడ దొరుకుతుంది.

ఇంటిలెక్క తేలేది మీటరు వద్దే

వెయ్యి వాట్ల పరికరం ఒక గంట పనిచేస్తే ఒక యూనిట్ ఖర్చవుతుంది. ఈ ఒక్క సూత్రంతో ఇంటి లెక్కంతా వేసుకోవచ్చు. రెండు పడకగదులు, ఒక హాలు, వంటగది ఉన్న మధ్యతరగతి ఇంటిని ఉదాహరణగా తీసుకుంటే మే నెల ఖర్చు ఇలా ఉంటుంది.

- 75 వాట్ల పాత ఫ్యాన్లు మూడు, రోజుకు 16 గంటలు: 108 యూనిట్లు
- చోక్‌తో కలిపి 50 వాట్లు తీసుకునే పాత ట్యూబులైట్లు నాలుగు, రోజుకు 5 గంటలు: 30 యూనిట్లు
- ఫ్రిజ్, రోజుకు సుమారు ఒక యూనిట్: 30 యూనిట్లు
- 180 వాట్ల కూలరు, రోజుకు 8 గంటలు: 43 యూనిట్లు
- టీవీ, రోజంతా స్విచ్ వేసే ఉంచిన సెట్‌టాప్ బాక్సు: 16 యూనిట్లు
- నీటి మోటారు: 8 యూనిట్లు
- మిక్సీ, ఇస్త్రీ పెట్టె, సెల్‌ఫోన్ ఛార్జర్లు: 8 యూనిట్లు

మొత్తం 243 యూనిట్లు. ఇందులో ఏసీ లేదు, గీజరు లేదు. అయినా గీత దాటింది. పై ధరల ప్రకారం విద్యుత్తు ఛార్జీయే రూ.1,351 అవుతుంది. అన్నింటికంటే ఎక్కువ తినేది కూలరు కాదు, ఎవరూ అనుమానించని ఫ్యాన్లు. ఒక్కోటి తక్కువే తీసుకున్నా అవి తిరిగే గంటలు ఎక్కువ.

అదే ఇంట్లో మూడు ఫ్యాన్ల స్థానంలో 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు అమరిస్తే 65 యూనిట్లు మిగులుతాయి. ట్యూబులైట్లకు బదులు 20 వాట్ల ఎల్ఈడీ పట్టీలు వాడితే 18 యూనిట్లు, టీవీ చూడని వేళ సెట్‌టాప్ బాక్సు స్విచ్ కట్టేస్తే 6 యూనిట్లు తగ్గుతాయి. కప్పు చల్లబడినందువల్ల కూలరు రోజుకు రెండు గంటలు తక్కువ నడిచినా 11 యూనిట్లు ఆదా. వెరసి 100 యూనిట్లు. వినియోగం 143కు దిగుతుంది, ఛార్జీ దాదాపు రూ.546కు తగ్గుతుంది. గృహజ్యోతి పరిధిలోని ఇల్లయితే సున్నా బిల్లు వస్తుంది.

ఒకేసారి అన్నీ మార్చే స్తోమత లేనివారు ఎక్కువ గంటలు తిరిగే రెండు ఫ్యాన్లను, దీపాలను మార్చినా వినియోగం 182 యూనిట్లకు చేరుతుంది. గీత లోపల ఉండటానికి అది చాలు.

ఇంట్లో తెలియకుండా పోతున్న విద్యుత్తును కనిపెట్టడానికీ మీటరే సాధనం. రాత్రి పడుకునేముందు, ఉదయం లేవగానే రీడింగు రాసుకుంటే రాత్రి ఖర్చు తెలుస్తుంది. అన్ని స్విచ్‌లూ కట్టేసి, ఫ్రిజ్ ప్లగ్ తీసిన తర్వాత కూడా మీటరుపై చిన్న దీపం మిణుకుమంటూ ఉంటే ఎక్కడో ఏదో పరికరం నడుస్తున్నట్టు, లేదా వైరింగులో లోపం ఉన్నట్టు భావించాలి. అలాంటప్పుడు ఎలక్ట్రీషియన్ చేత తనిఖీ చేయించాలి. వారానికోసారి ఒకే రోజు రీడింగు రాసుకునే ఇంటికి నెల మధ్యలోనే పరిస్థితి అర్థమవుతుంది. పదిహేనో రోజుకు 100 యూనిట్లు దాటితే మిగిలిన పదిహేను రోజులు జాగ్రత్త పడవచ్చు.

నక్షత్రాల అర్థం తెలిస్తేనే లాభం

2001 నాటి ఇంధన పొదుపు చట్టం కింద కేంద్ర ఇంధన సామర్థ్య బ్యూరో 2002 మార్చిలో ఏర్పాటైంది. పరికరాలపై నక్షత్రాల గుర్తు అతికించే పద్ధతిని ఈ సంస్థ 2006లో ప్రారంభించింది. నక్షత్రాలు ఎక్కువగా ఉంటే అదే పనికి తక్కువ విద్యుత్తు సరిపోతుందని అర్థం. సీలింగ్ ఫ్యాన్లకు ఈ గుర్తు 2023 జనవరి నుంచి తప్పనిసరైంది.

కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టి ఊరుకోకూడదు. ఫ్రిజ్, ఏసీల గుర్తుపై ఏడాదికి ఎన్ని యూనిట్లు ఖర్చవుతాయో ముద్రించి ఉంటుంది. ఆ అంకెలను పోల్చి చూడాలి. ప్రమాణాలను ఎప్పటికప్పుడు కఠినతరం చేస్తుంటారు కాబట్టి గుర్తు ఏ సంవత్సరానికి చెందినదో గమనించాలి. పాత నిల్వలోని ఐదు నక్షత్రాల పరికరం కొత్త ప్రమాణంలో నాలుగో, మూడో నక్షత్రాలకు సమానం కావచ్చు.

ఎల్ఈడీ బల్బుల అనుభవం ఇక్కడ గుర్తుచేసుకోదగినది. 2014లో రూ.310 ఉన్న సేకరణ ధర పెద్దఎత్తున కొనుగోళ్ల ఫలితంగా 2016 నాటికి రూ.40 లోపునకు దిగింది. 2015 జనవరిలో ప్రారంభమైన ఉజాలా పథకం కింద దేశవ్యాప్తంగా 36 కోట్లకు పైగా బల్బులు పంపిణీ అయ్యాయి. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును 9 వాట్ల ఎల్ఈడీ ఇస్తుంది. బల్బులను మార్చుకున్న ఇళ్లు ఫ్యాన్లను మాత్రం ఇంకా మార్చుకోలేదు. తదుపరి పెద్ద పొదుపు అక్కడే ఉంది.

ఫ్రిజ్‌ను గోడకు ఆనించకుండా వెనుక గాలి ఆడేలా నిలపాలి. తలుపు సందులో ఒక నోటు పెట్టి మూసి లాగితే అది తేలిగ్గా వచ్చేస్తుందంటే రబ్బరు పట్టీ అరిగిందని అర్థం. పట్టీని మార్పిస్తే చల్లదనం వృథా కాదు. కూలరును కిటికీ వద్ద బయటిగాలి తీసుకునేలా పెట్టి, ఎదుటి తలుపు కొద్దిగా తెరవాలి. మూసిన గదిలో కూలరు తేమను మాత్రమే పెంచుతుంది.

ఏసీ తప్పనిసరి అనుకునేవారు ముందు కప్పుకు పూత వేయించుకుంటే చిన్న సామర్థ్యంతోనే సరిపెట్టుకోవచ్చు. ఉష్ణోగ్రతను ఒక్కో డిగ్రీ పెంచితే దాదాపు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని బ్యూరో చెబుతోంది. 2020 జనవరి నుంచి కొత్త ఏసీలు 24 డిగ్రీల వద్ద ప్రారంభమయ్యేలా తయారవుతున్నది ఇందుకే. 24, 26 డిగ్రీల మధ్య ఉంచి, మెల్లగా ఫ్యాను వేసుకుంటే సరిపోతుంది.

చలి ఎక్కువగా ఉండే ఈ ప్రాంతంలో శీతాకాలపు బిల్లుకు గీజరే కారణం. 2,000 వాట్ల గీజరు రోజుకు ముప్పావుగంట పనిచేస్తే నెలకు 45 యూనిట్లు ఖర్చవుతాయి. స్నానానికి పది నిమిషాల ముందు వేసి, వేడెక్కగానే కట్టేయాలి. పెద్ద కుటుంబాలకు సౌర నీటి హీటరు మేలు.

పునాది దశలోనే ఆలోచించాలి

కట్టిన ఇంటిని సరిదిద్దడం కంటే కట్టేటప్పుడే సరిగా కట్టుకోవడం చౌక. సొంత స్థలం ఉన్న పేదలకు ఇల్లు కట్టుకోవడానికి రూ.5 లక్షల సాయం అందించే ఇందిరమ్మ ఇళ్ల పథకం 2024 మార్చిలో ప్రారంభమైంది. కనీసం 400 చదరపు అడుగుల విస్తీర్ణంలో కట్టే ఇలాంటి చిన్న ఇళ్లకు ప్రతి గదిపైనా కప్పే ఉంటుంది కాబట్టి వేడి సమస్య మరీ ఎక్కువ. స్లాబు వేసే రోజునే దానిపై తెల్లని పూత గురించి మేస్త్రీతో మాట్లాడుకుంటే తర్వాత అదనపు కూలి తప్పుతుంది.

నివాస భవనాల కోసం ఇంధన సామర్థ్య బ్యూరో 2018 డిసెంబరులో ‘ఎకో నివాస్ సంహిత’ పేరిట నియమావళిని విడుదల చేసింది. ఇది ప్రధానంగా 500 చదరపు మీటర్లు, అంతకు మించిన స్థలాల్లోని నిర్మాణాలను ఉద్దేశించినదే అయినా, ఇందులోని సూత్రాలు చిన్న ఇళ్లకూ పనికొస్తాయి. హైదరాబాద్ వంటి మిశ్రమ వాతావరణ ప్రాంతాల్లో తెరవగలిగే కిటికీల విస్తీర్ణం గది నేల విస్తీర్ణంలో కనీసం 12.5 శాతం ఉండాలని అందులో నిర్దేశించారు. 100 చదరపు అడుగుల గదికి పన్నెండున్నర చదరపు అడుగులు అన్నమాట. పక్కకు జరిపే అద్దాల కిటికీ సగమే తెరుచుకుంటుంది కాబట్టి పూర్తిగా తెరుచుకునే రెక్కల కిటికీ మేలు. స్నానాల గది, సామాను గది పడమర వైపు వచ్చేలా చూసుకుంటే సాయంత్రపు ఎండను అవి భరిస్తాయి, పడకగది చల్లగా ఉంటుంది.

హైదరాబాద్‌లోని సీఐఐ-సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రాన్ని 2004 జులైలో నాటి రాష్ట్రపతి ఏపీజే అబ్దుల్ కలాం ప్రారంభించారు. కప్పుపై పచ్చిక, గాలిని చల్లబరిచే గోపురాలు, వెలుతురునిస్తూ ఎండను వడగట్టే జాలీలు ఆ భవనంలో ఉన్నాయి. అవన్నీ పాత ఇళ్లలోని ఉపాయాలకు కొత్త రూపాలే. మిద్దెకు మట్టి పరిచి, గవాక్షం వదిలిన పల్లె మేస్త్రీకి ఈ శాస్త్రం తెలియనిది కాదు.

కప్పు యజమానిది.. బిల్లు అద్దెదారుది

పరిశ్రమలున్న జహీరాబాద్‌లో ఉద్యోగులు, కార్మికులు అద్దె ఇళ్లలో ఉంటారు. అక్కడ ఒక చిక్కుంది. బిల్లు కట్టేది అద్దెదారు, కప్పుపై నిర్ణయం యజమానిది. ఏడాది రెండేళ్లు ఉండి వెళ్లేవారు పరాయి కప్పుకు రంగు వేయించరు. బిల్లు తనది కాదు కాబట్టి యజమానికీ పట్టదు. ఫలితంగా పైఅంతస్తు గది ఏటా వేడెక్కుతూనే ఉంటుంది.

నిజానికి ఇందులో యజమానికీ ప్రయోజనం ఉంది. ఎండకు వ్యాకోచించి, రాత్రి సంకోచించే స్లాబుకు పగుళ్లు వస్తాయి, ఆ పగుళ్ల నుంచి వాన నీరు దిగుతుంది. తెల్లని పూత ఈ ఒత్తిడిని తగ్గించి కప్పు ఆయుష్షును పెంచుతుంది. చల్లగా ఉండే వాటా ఎక్కువ కాలం ఖాళీగా ఉండదు. సామగ్రి ఖర్చు యజమాని, కూలి ఖర్చు అద్దెదారు భరించేలా మాట్లాడుకున్నా ఇద్దరికీ మేలే.

సౌర పలకలు చివరి మెట్టు

కప్పుపై సౌర విద్యుత్తు ఏర్పాటు చేసుకునేవారికి కేంద్రం 2024 ఫిబ్రవరిలో ప్రారంభించిన పీఎం సూర్యఘర్ పథకం కింద రాయితీ ఉంది. ఒక కిలోవాట్‌కు రూ.30 వేలు, రెండు కిలోవాట్లకు రూ.60 వేలు, మూడు కిలోవాట్లు, ఆపై సామర్థ్యానికి గరిష్ఠంగా రూ.78 వేలుగా నిర్ణయించారు. ఒక కిలోవాట్ ఏర్పాటుకు దాదాపు 100 చదరపు అడుగుల నీడలేని స్థలం కావాలి. ఎండ బాగా ఉంటే రోజుకు సగటున నాలుగు యూనిట్ల వరకు ఉత్పత్తి అవుతుంది.

అయితే వృథాను అరికట్టకుండా పలకలు పెట్టించుకోవడం చిల్లుకుండకు పెద్ద కుళాయి బిగించినట్టే. పైన చెప్పిన ఇల్లు 243 యూనిట్ల వద్ద ఉన్నప్పుడు రెండు కిలోవాట్లకు పైగా సామర్థ్యం అవసరమవుతుంది. పొదుపు పాటించి 143కు వచ్చాక ఒకటింపావు కిలోవాట్‌తోనే సరిపోతుంది. పెట్టుబడిలోనే పెద్ద మొత్తం మిగులుతుంది. పలకల నీడ పడిన మేరకు కప్పు చల్లబడటం మరో లాభం.

ఏది ముందు.. ఏది తర్వాత

ఖర్చు లేని పనులతో మొదలుపెట్టి దశలవారీగా ముందుకు వెళ్లడం మంచిది.

- ఖర్చు లేనివి: వారానికోసారి మీటరు రీడింగు రాసుకోవడం, పగలు కిటికీలు మూసి రాత్రి తెరవడం, వెంటిలేటర్లు తెరిపించడం, వాడని పరికరాల స్విచ్ గోడ వద్దే కట్టేయడం.
- స్వల్ప ఖర్చు: కప్పుకు సున్నం పూత, మిగిలిన పాత బల్బులు, ట్యూబులైట్ల స్థానంలో ఎల్ఈడీలు, పడమటి కిటికీకి వెదురు చాప, ఫ్రిజ్ తలుపునకు కొత్త పట్టీ.
- మధ్యస్థ ఖర్చు: ఎక్కువ గంటలు తిరిగే ఫ్యాన్ల మార్పు, కప్పుకు కూల్‌రూఫ్ రంగు.
- పెద్ద ఖర్చు: పింగాణీ పెంకుల కప్పు, సౌర నీటి హీటరు, సౌర పలకలు.

పాత ఫ్రిజ్, పాత ఏసీ పూర్తిగా పాడయ్యేదాకా వేచి ఉండి హడావుడిగా కొనడం కంటే ఏ పరికరం కొనాలో ముందే నిర్ణయించుకుని ఉంచడం తెలివైన పని. వేసవి నడుమ అవసరం తరుముతుంటే దుకాణంలో దొరికిందే కొనాల్సి వస్తుంది.

గత వేసవి బిల్లులను ఒకచోట చేర్చి ఏప్రిల్, మే నెలల యూనిట్లు చూసుకుంటే ప్రతి ఇంటికీ తన లెక్క తెలిసిపోతుంది. 190 దాటిన ఇల్లు గీతకు అంచున ఉన్నట్టే. అలాంటి ఇంటికి వచ్చే ఎండాకాలంలోపు కప్పుపై రెండు పూతల సున్నం, పడకగదిలో ఒక కొత్త ఫ్యాను చాలు. మే నెల రాత్రి ఇంటిల్లిపాదీ నిద్రపోవడమే కాదు, నెలాఖరు బిల్లు కూడా భయపెట్టదు.